చుక్కాని ఎవరి చేతిలో ఉంది?
'సైబర్ క్రైమ్' అనే మాట కథ

మా ఉన్నత పాఠశాలకు ఒకరోజు పోలీసు శాఖవారు వచ్చి సైబర్ నేరాలపై అవగాహన సదస్సు జరిపారు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్నారు, తెలియని లింకు నొక్కవద్దన్నారు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. వారు వెళ్ళాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, క్రైమ్ అంటే నేరమని తెలుసు. సైబర్ అంటే ఏమిటి?" అని అడిగింది. "కంప్యూటర్‌కు సంబంధించినది" అన్నాం. "అయితే కంప్యూటర్ క్రైమ్ అంటే సరిపోయేది కదా సార్?" అంది. అదృష్టం బాగుండి అప్పుడే గంట కొట్టారు.

దాదాపు మూడు దశాబ్దాలుగా ఇంగ్లీషు పాఠం చెబుతున్నాం. రోజూ పత్రికలో కనిపించే మాటను విప్పి చెప్పలేకపోయామన్న వెలితి మాత్రం ఆ సాయంత్రం ఇంటిదాకా వచ్చింది. నిఘంటువులు తిరగేశాం. తెలుసుకున్నకొద్దీ ఇది పిల్లలకే కాదు, పెద్దలకూ పనికివచ్చే పాఠమనిపించింది. మాట పుట్టుక తెలిస్తే డబ్బు మిగులుతుందా అని మీరు అడగవచ్చు. కొంచెం ఓపిక పట్టండి, ఆ ప్రశ్నకే వద్దాం.

ఓడ నడిపేవాడి మాట

'సైబర్' మూలం గ్రీకు భాషలో ఉంది. ప్రాచీన గ్రీకులు సముద్రం మీద బతికిన జనం. ఓడ వెనుక భాగంలో నిలబడి, చుక్కాని పట్టి, దారి తప్పకుండా నడిపేవాడిని వారు 'కుబెర్నేతేస్' అన్నారు. రోమన్లు ఆ క్రియను తమ లాటిన్‌లోకి తీసుకొని 'గుబెర్నారె' అని పలికారు. నడిపించు, పాలించు అని దాని అర్థం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి 'గవర్న్' అయింది. గవర్నర్, గవర్నమెంట్ అనే మాటలు అక్కడివే. అంటే 'సైబర్' అన్న మాటకూ 'గవర్నమెంటు' అన్న మాటకూ తల్లి ఒక్కటే!

'కు' అన్న ధ్వని 'సై' ఎలా అయిందని పిల్లలు అడుగుతారు. గ్రీకు 'క' అక్షరాన్ని లాటిన్‌లో 'సి' అనే అక్షరంతో రాశారు. ఆ 'సి' తరువాత ఇ, ఈ, ఐ వంటి అచ్చులు వస్తే ఇంగ్లీషువారు దాన్ని 'స' అని పలుకుతారు. దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. గ్రీకులో 'కెంత్రోన్' అనే మాట ఉంది. అది గణిత, జ్యోతిష శాస్త్రాల వెంట సంస్కృతంలోకి వచ్చి 'కేంద్రం' అయింది. అదే మాట ఐరోపా దారిలో ఇంగ్లీషుకు చేరి 'సెంటర్' అయింది. ఒకే మాటను మనం క-కారంతో, వారు స-కారంతో పలుకుతున్నాం. 'సైబర్' సంగతీ అంతే.

ఇక్కడ మన భాష సంగతీ కాస్త చూద్దాం. ఓడ నడిపేవాడికి సంస్కృతంలో 'కర్ణధారుడు' అని పేరు. అక్కడ కర్ణం అంటే చెవి కాదు, చుక్కాని. మరి 'చుక్కాని' ఎక్కడిది? అరబ్బీలో ఓడను మలిపే సాధనాన్ని 'సుక్కాన్' అంటారు. అరబ్బు వర్తకులు, నావికులు శతాబ్దాల పాటు మన తీరాలకు వస్తూ పోతూ ఉండేవారు. వారి మాట తమిళంలోనూ చేరింది, తెలుగులో 'చుక్కాని' అయి స్థిరపడింది. చుక్కాని పట్టేవాడు 'సుక్కానీ'. హిందూ మహాసముద్రంలో తిరిగిన ఇంగ్లీషు ఓడలవారు ఆ మాటనే 'సీకన్నీ' అని పలికారు. కనుక ఎవరైనా 'సైబర్'కు అచ్చమైన అర్థం అడిగితే, చుక్కానికి సంబంధించినది అని చెప్పవచ్చు.

ఓడ నుంచి యంత్రానికి

ఓడ మాట పాలనకు, పాలన మాట యంత్రానికి ఎలా చేరింది? గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో రాజ్యాన్ని ఓడతో పోలుస్తాడు. ఓడ యజమాని బలమైనవాడే, కాని కాస్త చెవుడు, చూపు మందం. నావికులు చుక్కాని తమకంటే తమకని కొట్లాడుకుంటారు. చివరికి యజమానికి మత్తు పెట్టి ఓడను చేజిక్కించుకుంటారు. ఈ ఉపమానాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ శాస్త్రాలన్నింటినీ వర్గీకరిస్తూ పరిపాలనా శాస్త్రానికి ఈ గ్రీకు మాటతోనే పేరు పెట్టాడు. కరెంటును కొలిచే 'ఆంపియర్' అనే ప్రమాణం ఆయన పేరు మీద ఉన్నదే. మరోవైపు ఆవిరి యంత్రం వేగం హద్దు దాటకుండా చూసే పరికరానికి 'గవర్నర్' అని పేరు వచ్చింది. 1868లో మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త ఆ గవర్నర్ల మీదే ఒక పరిశోధన పత్రం రాశాడు.

1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త నోర్బర్ట్ వీనర్ 'సైబర్నెటిక్స్' పేరుతో పుస్తకం ప్రచురించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన విమానాలను గురిపెట్టే ఫిరంగుల నియంత్రణ మీద పనిచేశాడు. జంతువులోనూ యంత్రంలోనూ నియంత్రణ ఎలా జరుగుతుందన్నది ఆయన ప్రశ్న. జవాబు చుక్కాని పట్టినవాడి పనిలోనే ఉంది. అతడు ఓడ ఎటు వాలుతోందో చూస్తాడు. ఆ మేరకు చుక్కాని తిప్పుతాడు. తిప్పాక ఏమైందో మళ్ళీ చూస్తాడు, మళ్ళీ సరిచేస్తాడు. ఇలా ఫలితం వెనక్కి తిరిగివచ్చి తరువాతి పనిని దిద్దడాన్ని 'ఫీడ్‌బ్యాక్' అంటారు. మన ఇంట్లో ఆటోమేటిక్ ఇస్త్రీపెట్టె వేడెక్కగానే ఆగి, చల్లారగానే మళ్ళీ వెలగడం ఈ సూత్రమే. ఈ కబురు తెగిపోతే ఇస్త్రీపెట్టె బట్టను కాలుస్తుంది, ఓడ బండకు కొట్టుకుంటుంది.

'సైబర్నెటిక్స్' పెద్ద మాట. జనం నోట్లో అది సగానికి తెగింది. నిజానికి గ్రీకులో 'కుబెర్న్' వరకు కలిసి ఉండే ధాతువును 'సైబర్' దగ్గర విరగ్గొట్టారు. అలా విరిగిన ముక్కకు ప్రాణం పోసినవాడు విలియం గిబ్సన్ అనే కథా రచయిత. 1982లో ఒక కథలో 'సైబర్‌స్పేస్' అనే మాట వాడాడు. 1984లో వచ్చిన 'న్యూరోమాన్సర్' నవలతో ఆ మాట లోకమంతా పాకింది. విచిత్రమేమంటే ఆ నవలను ఆయన కంప్యూటర్ మీద కాదు, మామూలు టైపు మిషన్ మీద కొట్టాడు. 1990లలో ఇంటర్నెట్ సామాన్యులకు అందాక 'సైబర్' ప్రతి మాట ముందూ వచ్చి కూర్చుంది. మన ఊళ్ళలోనూ సైబర్ కేఫ్‌లు వెలిశాయి. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాయి, ఆ చుట్టుపక్కల ప్రాంతానికి 'సైబరాబాద్' అన్న పేరు స్థిరపడింది. గ్రీకు ఓడవాడి మాటకు జనంతో కళకళలాడే చోటు అనే అర్థమున్న పారశీక 'ఆబాద్' తోడైంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. 'కంప్యూటర్ క్రైమ్' అనకూడదా? మొదట అలాగే అన్నారు. 1986 నాటి అమెరికా చట్టం పేరులోనూ, 1990 నాటి బ్రిటన్ చట్టం పేరులోనూ 'కంప్యూటర్' అనే ఉంది. అప్పటికి నేరం ఫలానా యంత్రం దగ్గర జరిగేది. ఇంటర్నెట్ వచ్చాక నేరం ఒక గదిలో, ఒక యంత్రంలో ఆగలేదు. చేసేవాడు ఒక దేశంలో, మోసపోయేవాడు మరో దేశంలో, డబ్బు మూడో చోట. అందుకే 2001లో బుడాపెస్టులో దేశాలు సంతకాలు చేసిన ఒడంబడిక పేరు 'సైబర్‌క్రైమ్' ఒడంబడిక అయింది.

నేరం మోపడం

రెండో సగానికి వద్దాం. 'క్రైమ్' లాటిన్ 'క్రీమెన్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రోమన్ న్యాయస్థానాల్లో క్రీమెన్ అంటే తప్పుడు పని కాదు, ఒకరి మీద మోపిన అభియోగం! ఆ తరువాతే అభియోగానికి కారణమైన పనికి కూడా అదే పేరు వచ్చింది. జల్లెడ పట్టు, వేరుచేయు అనే అర్థమున్న లాటిన్ ధాతువుతో పలువురు పండితులు ఈ మాటను ముడిపెడతారు. బియ్యాన్నీ రాళ్ళనూ వేరుచేసినట్టు తప్పెవరిదో ఒప్పెవరిదో వేరుచేయడమన్నమాట. మనం కూడా 'నేరం మోపడం' అంటాం కదా.

ఉర్దూలో నేరం 'జుర్మ్'. దాని నుంచి వచ్చిన 'జరిమానా' తెలుగువారందరికీ తెలుసు. వకీలు, జామీను, ఖైదు కూడా ఇలాగే అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చి మన కచేరీలలో కూర్చున్నవే. ఈ వరుసలోని ఇంకొక మాటను చివరికి దాచుకున్నాం.

విగ్రహవాక్యం చెప్పండి

సమాసం కనబడితే విగ్రహవాక్యం చెప్పమని తెలుగు మాస్టార్లు అడుగుతారు. 'సైబర్ క్రైమ్'కు విగ్రహవాక్యం ఏమిటి? రెండు విధాలుగా చెప్పవచ్చు. 'సైబర్ వ్యవస్థయందు చేసిన నేరం' అంటే సప్తమి. ఇక్కడ దెబ్బ తినేది కంప్యూటరే. దానిలోకి అనుమతి లేకుండా చొరబడటం, వైరస్ ఎక్కించడం, సమాచారం చెరపడం వంటివి. మన సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66వ సెక్షన్ వీటి గురించే. 'సైబర్ సాధనం చేత చేసిన నేరం' అంటే తృతీయ. ఇక్కడ ఫోను కత్తి వంటిది, దెబ్బ తినేది మనిషి. కంప్యూటర్‌నో ఫోనునో వాడి వేరొకరిలా నటించి మోసం చేయడం 66డి సెక్షన్ కిందికి వస్తుంది. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. మన ఇళ్ళ మీదికి వస్తున్నవి ఎక్కువగా ఈ తృతీయా విభక్తి నేరాలే.

దొంగలు కూడా సమాసాలు కూర్చుతారు. ఈమధ్య వారు కట్టిన మాట 'డిజిటల్ అరెస్ట్'. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లో కనబడి, "మీ పేరు మీద మత్తుమందుల పార్సిల్ దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందు నుంచి కదలవద్దు" అంటారు. దీన్నీ విడదీసి చూడండి. 'డిజిట్' లాటిన్‌లో వేలు. వేళ్ళతో లెక్కపెడతాం కనుక అంకె అయింది. 'అరెస్ట్' అంటే ఆపడం. అరెస్టు ఎలా చేయాలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ చెబుతుంది. మనిషి మాట ద్వారానో చేత ద్వారానో తనంతట తాను లొంగితే తప్ప, పోలీసు అధికారి ఆ మనిషి శరీరాన్ని తాకాలి, లేదా నిర్బంధించాలి. ఫోను తెరలోంచి ఎవరూ ఎవరినీ తాకలేరు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. వ్యాకరణం తెలిసినవాడికి 'కుందేటి కొమ్ము' ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మాట ఉంది, వస్తువు లేదు.

ఒక ఆపా చెప్పిన పాఠం

మా వీధిలో బట్టలు కుట్టే ఒక ఆపా ఉంది. ఆమె కూతురు డిగ్రీ చదువుతోంది. ఒకరోజు ఆమెకు ఫోను వచ్చింది. అమ్మాయి పేరు, చదివే క్లాసు సరిగ్గా చెప్పి, "స్కాలర్‌షిప్ మంజూరైందమ్మా. ఈరోజే ఆఖరు తేదీ. ఫోను పెట్టేయకుండా మేము చెప్పినట్టు చేయండి, డబ్బు పడుతుంది" అన్నారు. తెర మీద వచ్చినదానికి పిన్ కొట్టమన్నారు. మూడుసార్లు కొట్టింది. రంజాను నెలలో రాత్రింబవళ్ళు కుట్టి దాచిన 38 వేల రూపాయలు పోయాయి. యూపీఐలో డబ్బు పంపేటప్పుడే పిన్ కావాలి, మనకు డబ్బు వచ్చేటప్పుడు అక్కర లేదు. ఈ చిన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. బడిలో పాఠాలు చెప్పే మేము కూడా చెప్పలేదు.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదామె, ఇంట్లో కూడా. పదో రోజు మా దగ్గరికి వచ్చి, "సార్, కాలేజీవాళ్ళు ఫీజు కంతులుగా కట్టించుకుంటారా?" అని అడిగింది. ఏమైంది ఆపా అంటే కాసేపటికి గాని నోరు పెగలలేదు. "తప్పు నాదే సార్. చదువు రానిదాన్ని. నలుగురికీ తెలిస్తే నవ్వుతారు" అంది.

అప్పటికి మేము ఈ మాటల వెంట పడి చాలా రోజులైంది. ఆమె మాట వినగానే ఆ రోమన్ 'క్రీమెన్' గుర్తుకొచ్చింది. క్రీమెన్ అంటే మోపిన అభియోగం. మోసం చేసినవాడి మీద మోపవలసిన అభియోగాన్ని ఈమె తొమ్మిది రోజులుగా తన మీదే మోపుకుంటోంది. ప్లేటో ఓడా గుర్తుకొచ్చింది. ఆ యజమానికి మందుతో మత్తు పెట్టారు. ఈమెకు ఆశతో పెట్టారు. డిజిటల్ అరెస్టు పేరు చెప్పేవాడు భయంతో పెడతాడు. ఇద్దరూ తొందర కలుపుతారు. "ఫోను పెట్టేయవద్దు" అన్నది ఎందుకో కూడా అప్పుడు తెలిసింది. ఫోను పెట్టేస్తే పక్కవారిని అడుగుతాం. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే దారి సరిచేసుకుంటాం. వీనర్ చెప్పిన ఆ కబురు తిరిగిరాకుండా తెంపడమే మోసగాడి మొదటి పని. కంప్యూటర్ విద్య అతనికి అంతగా అవసరం లేదు. చుక్కాని మన చేతిలోనే ఉంటుంది, తిప్పేది మాత్రం అతను.

ఆ పూటే ఆమెతో 1930కి ఫోను చేయించాం. అది సైబర్ ఆర్థిక మోసాలకు దేశమంతటా పనిచేసే నంబరు. కేంద్ర హోం శాఖ వారి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేసి, పోలీసు స్టేషనుకు వెళ్ళాం. అక్కడి అధికారి ఓపికగా విన్నారు. డబ్బు అప్పటికే రెండు మూడు ఖాతాలు మారి బయటికి వెళ్ళిపోయిందన్నారు. "మొదటి గంటలో చెప్పి ఉంటే ఖాతాలోనే ఆపే అవకాశం ఉండేదమ్మా" అన్నారు. ఇది రాస్తున్న నాటికి ఆ డబ్బు తిరిగి రాలేదు. తొమ్మిది రోజుల మౌనం ఖరీదు అది.

చివరికి దాచుకున్న మాట ఇప్పుడు చెబుతాం. 'ఫిర్యాదు'. ఇది పారశీకం. అక్కడ 'ఫర్యాద్' అంటే కాగితం కాదు, దరఖాస్తు కాదు. ఆపదలో ఉన్నవాడు పెట్టే కేక. కేక పెట్టడానికి చదువు అక్కర లేదు. సిగ్గుపడవలసిన పనీ కాదు. మునిగే ఓడలోనివాడు తప్పెవరిదని ఆలోచిస్తూ కూర్చోడు, ముందు అరుస్తాడు.

కనుక పాఠకులకు మా మనవి ఇంతే. డబ్బు విషయమై ఎవరైనా తొందరపెడితే ఫోను పెట్టేయండి. ఇంట్లోవారినో పొరుగువారినో ఒక్కరినైనా అడగండి. డబ్బు పోతే ఆ నిమిషమే 1930కి చెప్పండి, బ్యాంకుకు చెప్పండి. మోసపోయి మన దగ్గరికి వచ్చినవారిని "అంత మాత్రం తెలియదా?" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాట భయానికే ఎందరో నోరు మూసుకుంటున్నారు.

మొన్న వీధిలోని ఆడవాళ్ళు పది పన్నెండుమంది కూడినచోట ఆపా తన సంగతి తానే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. చెప్పడం అయ్యాక ఇద్దరు ఆమెను పక్కకు పిలిచారు. తమకూ అలాగే జరిగిందని, ఇంతవరకూ ఇంట్లో చెప్పలేదని అన్నారు. ఆపా తన ఫోను తీసి, 1930 ఎలా కొట్టాలో వారికి చూపించింది.